మరో కుక్కను సాదుకోవాలా? మూడు షిఫ్టుల పరీక్ష



గోదావరిఖని, రామగుండం ప్రాంతంలోని సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్లలో గానీ, వాటి చుట్టూ పెరిగిన బస్తీల్లో గానీ కుక్కను సాదుకునే ఇల్లు లేని వీధి అరుదు. పదేళ్లో పన్నెండేళ్లో ఇంటి మనిషిలా మెలిగిన ఆ ప్రాణి పోయిన తరువాత ఆ ఇంట్లో కొద్ది రోజులకే ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఇంకో కుక్కను తెచ్చుకోవాలా, వద్దా? తెచ్చుకుంటే ఎప్పుడు? ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు సంబంధించినది. ఇందులో చెప్పదలచిన మాట ఒక్కటే. ఈ నిర్ణయాన్ని ఎన్ని రోజులు గడిచాయన్న లెక్కను బట్టి గానీ, ఇరుగుపొరుగు సలహాను బట్టి గానీ కాక, ఆ కుటుంబం మూడు షిఫ్టుల్లోనూ ఒక కొత్త ప్రాణికి ఇవ్వగలిగిన వేళలను బట్టి తీసుకోవాలి. ఆ వేళలు ఉన్నాయో లేవో కుక్క గడప తొక్కకముందే పరీక్షించి చూసుకోవాలి.

ముందుగా దుఃఖం సంగతి.

రెండో షిఫ్టు దిగి వచ్చే బండి చప్పుడును వీధి మలుపులోనే గుర్తుపట్టి గేటు దగ్గరకు ఉరికే కుక్క, బొగ్గు ధూళి అంటిన బూట్లను వాసన చూసి పక్కనే చతికిలబడే కుక్క, టిఫిన్ డబ్బాలో తన కోసమే మిగిల్చిన ముద్ద కోసం మూత తీసే చేతిని కన్నార్పకుండా చూసే కుక్క బొగ్గుబాయి కార్మికుల ఇళ్లలో చాలామందికి పరిచయమే. అది పోయిన తరువాత కూడా కొన్ని వారాలపాటు ఆ చెయ్యి అలవాటుగా ఒక ముద్ద మిగులుస్తూనే ఉంటుంది. బాధ ఎక్కడుందో ఆ మిగిలిన ముద్ద చెబుతుంది. కుక్కతో బంధం పెద్ద పెద్ద సంఘటనల మీద కాక, రోజూ అదే వేళకు జరిగే చిన్న పనుల మీద అల్లుకుంటుంది గనుక, అది పోయినప్పుడు ఆ వేళలే ముందుగా గుచ్చుకుంటాయి.

అయినా ఈ బాధను బయటికి చెప్పుకోవడానికి మనుషులు సంకోచిస్తారు. కుక్క చనిపోయిందని సెలవు అడగడానికి కార్మికుడికి నోరు రాదు. "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకుంటే సరిపోతుంది" అని పక్కింటివారు మంచి మనసుతోనే అంటారు. అమెరికాకు చెందిన పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఇటువంటి స్థితిని ప్రత్యేకంగా వివరించాడు. దాన్ని గుర్తింపు లేని దుఃఖం అనవచ్చు. అంటే నష్టం నిజమైనదే అయినా, దాని కోసం ఏడ్చే హక్కును చుట్టూ ఉన్న సమాజం ఒప్పుకోని దుఃఖం. మనిషి పోతే పరామర్శకు నలుగురు వస్తారు, దినవారాలు జరుగుతాయి, బంధువులు కలిసి కూర్చుంటారు. కుక్క పోతే అవేవీ ఉండవు గనుక ఆ బాధ లోపలే నిలిచిపోతుంది.

ఈ దుఃఖం కొత్తది కాదు, సిగ్గుపడవలసినది అంతకంటే కాదు. జర్మనీలోని బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో బయటపడిన సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధిలో ఒక పురుషుడు, ఒక స్త్రీతో పాటు కుక్క ఎముకలు కూడా దొరికాయి. ఆ కుక్క పళ్లను పరిశీలించిన శాస్త్రవేత్తలు అది పిల్లగా ఉన్నప్పుడే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుతో వారాల తరబడి బాధపడిందనీ, మనుషులు సాకకపోతే అన్నాళ్లు బతికేది కాదనీ 2018లో ప్రకటించారు. ఇంకా దగ్గరలోకి వస్తే, కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన పదో శతాబ్దపు శాసనం, అడవిపందితో పోరాడి దాన్ని చంపి తానూ చనిపోయిన కాళి అనే వేటకుక్క జ్ఞాపకార్థం నిలిపినది. రాళ్ల మీద చెక్కించుకునేంత బాధను వెయ్యేళ్ల కిందటి మనుషులే దాచుకోలేదు గనుక, ఈనాటి కార్మిక కుటుంబం దాచుకోవలసిన పని లేదు.

అయితే ఆ బాధలో ఉన్న ఇల్లు సాధారణంగా రెండు తొందరలలో ఏదో ఒకదానికి లోనవుతుంది.

మొదటిది, వెంటనే ఇంకో పిల్లను తెచ్చేయడం. అదే రంగు, అదే జాతి, చివరికి అదే పేరు. కొత్త పిల్ల తన సొంత స్వభావంతో వస్తుంది. పాత కుక్క పిలిస్తే వచ్చేది, ఇది రాదు. పాతది చెప్పు ముట్టేది కాదు, ఇది రోజుకో చెప్పు కొరుకుతుంది. పదేళ్ల పెంపకంతో వచ్చిన బుద్ధిని రెండు నెలల పిల్లలో వెతికే ఇంటికి నిరాశ తప్పదు. ఆ నిరాశకు శిక్ష మాత్రం ఏ తప్పూ చేయని పిల్లకు పడుతుంది.

రెండో తొందర, ఇక ఈ జన్మలో కుక్క మాట ఎత్తవద్దని అదే రోజు ఒట్టు పెట్టుకోవడం. ఇది కూడా తొందరే. నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన ద్విముఖ ప్రక్రియా సిద్ధాంతం ప్రకారం, దుఃఖంలో ఉన్న మనిషి ఒకసారి పోయినదాని వైపు, మరోసారి ముందున్న జీవితం వైపు ఊగుతూ ఉంటాడు; ఆ ఊగడమే ఆరోగ్యకరమైన కోలుకోవడం. ఈ రోజు వద్దనిపించిన మనసుకే రేపు కావాలనిపించవచ్చు. అందుచేత మొదటి రోజుల్లో పుట్టిన అవునుకూ విలువ తక్కువ, కాదుకూ విలువ తక్కువ.

మరి విలువైన జవాబు ఎలా దొరుకుతుంది? ఇక్కడే మూడు షిఫ్టుల పరీక్ష పనికివస్తుంది.

బొగ్గుబాయి ఇంటి రోజు మిగతా ఇళ్ల రోజులా ఉండదు. మొదటి షిఫ్టు వారంలో ఇల్లు తెల్లవారకముందే లేస్తుంది. రెండో షిఫ్టు వారంలో యజమాని సాయంత్రమంతా ఇంట్లో ఉండడు. రాత్రి షిఫ్టు వారంలో పగలంతా ఇల్లు చప్పుడు లేకుండా ఉండాలి, ఎందుకంటే ఒకరు నిద్రపోవాలి. ఒక్క వారం చూసి కుక్కను తెచ్చుకున్నవారు మిగతా రెండు వారాల సంగతి అది వచ్చిన తరువాత తెలుసుకుంటారు. కనుక ఒక్కో షిఫ్టుకు ఒక్కో వారం చొప్పున, కుక్క లేకుండానే కుక్క వేళలను ఆ ఇంట్లో పాటించి చూడాలి.

ఆ పద్ధతి ఇది. పొద్దున ఎండ ముదరకముందు ఇంట్లో ఒకరు బయలుదేరి ఇరవై, ముప్పై నిమిషాలు కాలనీలో నడిచి రావాలి. సాయంత్రం నేల చల్లబడిన తరువాత మళ్లీ నడవాలి. తిండి పెట్టవలసిన వేళలకు, అంటే పెద్ద కుక్క అనుకుంటే రెండు పూటలు, పిల్ల అనుకుంటే మూడు నాలుగు పూటలు, ఇంట్లో ఎవరున్నారో చూసుకోవాలి. రాత్రి ఒకసారి లేవాలి, ఎందుకంటే పిల్ల రాత్రంతా మూత్రం ఆపుకోలేదు. తిండికి, టీకాలకు అయ్యే డబ్బును ఆ నెల జీతంలోంచి తీసి విడిగా పెట్టాలి. చేసిన ప్రతిసారీ, షిఫ్టులు రాసుకునే గోడ క్యాలెండర్‌లోనే ఆ తేదీ గడిలో ఒక గీత గీయాలి. చేసినవారి పేరులో మొదటి అక్షరం కూడా పక్కన వేయాలి.

మూడు వారాల తరువాత ఆ క్యాలెండరే జవాబు చెబుతుంది. గీతలు నిండుగా ఉంటే వేళలున్నాయి. రాత్రి షిఫ్టు వారంలో గడులన్నీ ఖాళీగా ఉంటే ఆ వారానికి ఎవరో ఒకరు పూనుకోవాలి, లేదా ఆగాలి. అన్ని గీతల పక్కనా ఒక్క ఇల్లాలి అక్షరమే ఉంటే, కుక్క కావాలన్నది ఇంటిల్లిపాదీ అయినా చాకిరీ ఒక్కరిదే అవుతుందని ముందే తెలిసిపోతుంది. అప్పుడు ఆ ఒక్కరి మాటే చివరి మాట కావాలి.

ఈ పరీక్ష మనసు సంగతి కూడా చెబుతుంది. ఆ నడకలో పాత కుక్క గుర్తుకు వస్తుంది; రావడం సహజం. అది ఆగి వాసన చూసే స్తంభం దగ్గర గొంతు పూడుకుపోయినా నడక పూర్తి చేయగలిగితే, కొత్త ప్రాణికి ఆ మనసులో చోటు ఉన్నట్టే. ఆ దారినే వెళ్లలేకపోతే, ఇంకొన్నాళ్లు ఆగవలసి ఉన్నట్టు. ఆగడం ఓటమి కాదు. పరీక్షను మరో నెల తరువాత మళ్లీ చేయవచ్చు.

భూగర్భ గనిలో పని మొదలుకాకముందు మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల విడిపోయిన రాయి బోలుగా మోగుతుంది. బోలుగా మోగితే కింద మనుషులను నిలబెట్టడు, ముందు పైకప్పుకు ఊతంగా దిమ్మె అయినా నిలబెట్టిస్తాడు, లేదా ఆ చోటే వదిలేయిస్తాడు. మూడు షిఫ్టుల పరీక్ష కూడా అటువంటి తట్టి చూడడమే. ప్రాణిని లోపలికి తెచ్చిన తరువాత కాదు, తేవడానికి ముందే తట్టి చూడాలి.

ఇప్పుడు కొన్ని ఇళ్ల పరిస్థితులను తీసుకుని ఈ పద్ధతిని పరిశీలించవచ్చు.

దిగిపోవడానికి దగ్గరపడిన కార్మికుడి ఇల్లు ఒకటి. సింగరేణిలో పదవీ విరమణ వయసు 2021 నుంచి 61 ఏళ్లు. యాభై ఎనిమిదేళ్ల కార్మికుడు రెండు నెలల పిల్లను తెచ్చుకుంటే, ఆయన క్వార్టర్ ఖాళీ చేసే నాటికి దాని వయసు మూడేళ్లు మాత్రమే. దాని ముందు ఇంకా ఏడెనిమిదేళ్లు, అంతకంటే ఎక్కువే బతుకు ఉంటుంది. ఆ దంపతులు తరువాత ఉండబోయేది సొంత ఊళ్లోనా, హైదరాబాద్‌లో కొడుకు అపార్ట్‌మెంట్‌లోనా అన్నది కుక్కను తేవడానికి ముందే మాట్లాడుకోవాలి. శ్రీరాంపూర్‌కో, భూపాలపల్లికో, మణుగూరుకో బదిలీ కాగల చిన్న వయసు కార్మికుడికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇల్లు మారేటప్పుడు కుక్కను గేటు దగ్గర వదిలి వెళ్లడం కళ్లెదుటే కనిపించే క్రూరత్వం. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. అటువంటి ఇంటికి నాలుగైదేళ్ల వయసున్న పెద్ద కుక్క పిల్లకంటే మేలు. దాని స్వభావం ముందే తెలుస్తుంది, రాత్రి మేల్కొలుపులు ఉండవు, మిగిలిన ఆయుష్షు కూడా ఇంటి లెక్కకు సరిపోతుంది.

చిన్నపిల్లలున్న ఇల్లు మరొకటి. కుక్క ఊరికి పోయిందని పిల్లలకు అబద్ధం చెప్పి, వారం తిరగకుండా ఇంకో పిల్లను చేతిలో పెడితే, పోయినదాని చోటును కొని నింపవచ్చని వారు నేర్చుకుంటారు. చనిపోయిందని తేట మాటల్లో చెప్పి, ఏడవనిచ్చి, ఆ పైన మూడు షిఫ్టుల పరీక్షలో వారికీ ఒక పని అప్పగిస్తే, కుక్కను సాదడమంటే ఆడుకోవడమొక్కటే కాదని వారికి అనుభవంలోకి వస్తుంది.

ఇంట్లో రెండు కుక్కలుండి ఒకటి పోయిన సందర్భం ఇంకొకటి. ఇటలీలో 426 మంది యజమానులను అడిగి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తోటి కుక్క పోయిన తరువాత బతికి ఉన్న కుక్కల్లో చాలావరకు ఆట తగ్గిందనీ, మనుషులను మరింత అంటిపెట్టుకుని తిరిగాయనీ తేలింది. అటువంటి కుక్కకు మొదట కావలసింది ఇంటివాళ్ల సమయం. అది తిండి సరిగా తిని, నడకకు ముందులా లేచి వచ్చే దాకా దాని మీద కొత్త పిల్లను రుద్దకూడదు.

ఇక, మనసు ఎంత సిద్ధంగా ఉన్నా ఇల్లు సిద్ధంగా లేని సందర్భాలున్నాయి. పాత కుక్క ఏ జబ్బుతో పోయిందన్నది తప్పక తెలుసుకోవాలి.

అది పార్వోతో, అంటే వాంతులు, రక్త విరేచనాలతో ముఖ్యంగా లేత పిల్లలను చంపే వైరస్ జబ్బుతో పోయి ఉంటే, ఆ వైరస్ పెరటి మట్టిలో, నేల పగుళ్లలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికి ఉంటుంది. మామూలు సబ్బు, ఫినాయిలు దాన్ని నమ్మకంగా చంపలేవు. సోడియం హైపోక్లోరైట్ ద్రవం ఒక పాలు, నీళ్లు ముప్పై పాళ్లు కలిపి, ముందుగా శుభ్రంగా కడిగిన గచ్చు మీద పది నిమిషాలు నిలవనిస్తే అది చస్తుంది; మట్టి నేలకు మాత్రం ఆ ఉపాయం పనిచేయదు. ఆ ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను తేకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండే దాకా వైద్యుడు చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పడిన కుక్కనే తేవాలి.

పాత కుక్క పిడుదుల జ్వరంతో పోయి ఉంటే, అంటే గోమార్లు లేదా పిడుదులు కుట్టడం వల్ల రక్తంలో చేరే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి జబ్బుతో పోయి ఉంటే, ఆ పిడుదులు గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనుక తిండి లేకుండా నెలల తరబడి దాగి ఉండగలవు. పాత కుక్క పరుపును, గొలుసును, పట్టీని అలాగే కొత్తదానికి వాడకుండా, గోడలకు మందు కొట్టించి పగుళ్లు పూడ్చిన తరువాతే దాన్ని తేవాలి. రేబిస్ అనుమానం ఉంటే మొదట మనుషుల సంగతి చూడాలి. దాని కాటు, గీరు, చొంగ తగిలినవారంతా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకాలు వేయించుకోవాలి.

ఏ కుక్కను తేవాలన్నది కూడా ఈ ప్రాంతపు ఎండను బట్టే తేలాలి. వేసవిలో రామగుండంలో పగటి వేడి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని ప్రధానమైన చల్లదనం. అందుచేత ఒత్తు బొచ్చున్న హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి చలిదేశపు జాతులకూ, ముక్కు చప్పిడిగా ఉండి సరిగా రొప్పలేని పగ్ వంటి జాతులకూ ఇది కఠినమైన చోటు. ఈ ఎండకు తరతరాలుగా అలవాటుపడిన దేశవాళీ కుక్క వీధిలోనే దొరుకుతుంది. దానికి టీకాలు వేయించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే అది ఏ జాతి కుక్కకూ తీసిపోదు. కొనేవారు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడాన్ని 2017 నాటి నిబంధనలు నిషేధించాయని గుర్తుంచుకోవాలి. ఓపెన్‌కాస్ట్ గనుల పేలుళ్ల చప్పుడు వినిపించే కాలనీల్లో, పన్నెండు, పద్నాలుగు వారాలలోపు వయసులోనే చప్పుళ్లకు మెల్లగా, బుజ్జగిస్తూ అలవాటు చేసిన పిల్ల పెద్దయ్యాక తక్కువ బెదురుతుంది. కొత్తదానికి కొత్త పేరు పెట్టాలి. పాత పేరు పాతదానిదే.

పరీక్ష వద్దని చెబితే? అది కూడా గౌరవించవలసిన జవాబే. మళ్లీ సాదుకోలేని ఇంటికి కుక్కల మీద ప్రేమ తగ్గిందని అర్థం కాదు. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023 ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసే బాధ్యత స్థానిక సంస్థలది. కాలనీలో ఆ పని జరిగేలా అడగడం, నిర్ణయించిన చోట వేళకు తిండి పెట్టడం, ఎండాకాలంలో గేటు బయట నీళ్ల తొట్టి ఉంచడం కూడా సాదడమే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కుక్క పోయి వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, అది బలహీనత కాదు, వైద్యం అవసరమైన స్థితి. నిద్ర లేని మనిషి గనిలోకి దిగడం అతనికీ, పక్కనున్నవారికీ ప్రమాదం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతుంది. అక్కడ కుక్క కోసం ఏడుస్తున్నానని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడనక్కర లేదు.

శ్రోతలు గుర్తుంచుకోవలసిన మాట మళ్లీ ఒకసారి. తొందరపడి తేవద్దు, తొందరపడి ఒట్టూ పెట్టుకోవద్దు. మొదటి షిఫ్టు ఒక వారం, రెండో షిఫ్టు ఒక వారం, రాత్రి షిఫ్టు ఒక వారం కుక్క వేళలను కుక్క లేకుండా పాటించి, చేసినవన్నీ క్యాలెండర్‌లో గీతలుగా వేయాలి. పాత జబ్బు ఇంట్లో దాగి లేదని వైద్యుడి దగ్గర నిర్ధారించుకోవాలి. ఆ తరువాత ఇంటిల్లిపాదీ ఆ క్యాలెండర్ ముందు కూర్చుని, ఎక్కువ గీతలు గీసినవారిని మొదట మాట్లాడనివ్వాలి. ఆ మాట అవును అయినా కాదు అయినా, ఆ ఇంటికి అదే సరైన నిర్ణయం.